రాని ఉత్తరం: దేవుడు పలకలేదని విశ్వాసం పోయినవాళ్ల గురించి

డిసెంబరు 31 రాత్రి చెన్నై పెరంబూరులో మా తెలుగు సంఘం వాళ్లందరం మందిరంలోనే ఉండేవాళ్లం. పన్నెండు కొట్టాక పాస్టరుగారు స్టీలు పళ్లెం ఒకటి తిప్పేవారు. అందులో వాగ్దానపు కార్డులు బోర్లించి ఉండేవి. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకోవాలి. దాని మీద ఉన్న వాక్యమే ఆ ఏడాదికి దేవుడు నీతో చెప్పిన మాట. నాకు ఏడేళ్లప్పుడు వచ్చిన కార్డు యిర్మీయా 33:3. "నాకు మొఱ్ఱపెట్టుము నేను నీకు ఉత్తరమిచ్చెదను."

బైబిలు తెలుగులో ఉత్తరమంటే జవాబు. మా ఇంట్లో ఉత్తరమంటే ఒంగోలు నుంచి పెదనాన్న రాసే నీలం ఇన్‌లాండ్ లెటర్. ఆ జనవరి అంతా మధ్యాహ్నం పోస్టుమాన్ వచ్చే వేళకి గేటు పట్టుకుని నిలబడ్డాను. అమ్మ కనిపెట్టి దగ్గరికి తీసుకుంది. "కాయితం రాదమ్మా, నీ మనసులో మాట్లాడతాడు. నువ్వు నెమ్మదిగా ఉంటే వినపడుతుంది" అంది. ఆ రోజు నుంచి నెమ్మదిగా ఉండటం నేర్చుకున్నాను. 15 ఏళ్లకి బాప్తిస్మం తీసుకున్నాను. ఉపవాస ప్రార్థనలు, రాత్రంతా జరిగే ప్రార్థనలు, సండే స్కూల్ పాఠాలు చెప్పడం, కొన్నేళ్లు తెల్లవారుజామున నాలుగింటికి లేచి మోకరించడం, అన్నీ చేశాను. 34 ఏళ్ల వయసులో ఒక మామూలు మంగళవారం రాత్రి మోకాళ్ల మీద నుంచి లేచి, మళ్లీ మోకరించలేదు. ఆ 27 ఏళ్లలో అటువైపు నుంచి ఒక్కసారి కూడా అలికిడి లేదు.

ఇలాంటివాళ్లు నేననుకున్నదానికంటే ఎక్కువమందే ఉన్నారు. విల్లివాక్కంలో ఉన్నారు, అయనావరంలో ఉన్నారు, ఒంగోలులోనూ ఉన్నారు. ఇప్పటికీ ఆదివారం కీర్తనలు పాడుతూ ముందు వరసలో కూర్చునేవాళ్లలోనూ ఉన్నారు. వాళ్లకి మన సంఘాల్లో సరైన పేరు లేదు. "వెనకబడిపోయింది", "లోకంలో కలిసిపోయాడు", "సాతాను మోసం చేశాడు" అనే మూడింటిలో ఏదో ఒకటి తగిలిస్తారు. మూడూ కారణాన్ని మనిషిలోనే వెతుకుతాయి. చిక్కు అంతకంటే పెద్దది, పాతది. దాన్ని ఓపిగ్గా విప్పాలని ఇది రాస్తున్నాను.

ఏ జవాబు సంగతి?

మా అమ్మకీ నాకూ ఈ విషయం మీద జరిగిన ప్రతి మాటా ఒకేచోట ఆగిపోయేది. "పలకలేదంటావేమమ్మా? పదో తరగతిలో టైఫాయిడ్ వచ్చి మంచం పడితే నిన్ను లేపిందెవరు? ఇన్నాళ్లు ఈ ఊళ్లో మనకి అన్నం పెట్టిందెవరు?" అనేది. నాకు జవాబు తోచేది కాదు. మేమిద్దరం జవాబు అనే ఒకే మాట వాడుతూ రెండు వేరే సంగతులు మాట్లాడుకుంటున్నామని చాలా ఆలస్యంగా తెలిసింది.

ప్రార్థనకి జవాబు అని మనం అనేదాంట్లో మూడు కలిసిపోయి ఉన్నాయి. అడిగింది జరగడం మొదటిది: జ్వరం తగ్గడం, ఉద్యోగం రావడం, సంబంధం కుదరడం. దారి చూపడం రెండోది: ఏం చెయ్యాలో తెలియనప్పుడు ఒక వాక్యం ఎదురుపడటం, కల రావడం, పళ్లెంలో కార్డు దొరకడం. మూడోది సన్నిధి. అడిగినా అడగకపోయినా, ఇచ్చినా ఇవ్వకపోయినా, వినేవారొకరు గదిలో ఉన్నారని తెలియడం.

మొదటిదాని మీద పెద్ద పరిశోధనే జరిగింది. అమెరికాలో గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మంది రోగులను మూడు గుంపులు చేసి, రెండు గుంపుల కోసం ముఖపరిచయం లేని విశ్వాసుల చేత ప్రార్థన చేయించారు. ఫలితాలు 2006లో వచ్చాయి. తమ కోసం ప్రార్థిస్తున్నారో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన జరిగినవారిలో 52 శాతానికి, జరగనివారిలో 51 శాతానికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చాయి. తమ కోసం ప్రార్థిస్తున్నారని ఖాయంగా తెలిసినవారిలో 59 శాతానికి వచ్చాయి. నాస్తికులు దీన్ని ఎత్తి చూపిస్తారు. నాకు మాత్రం ఇది ఎప్పుడూ పెద్ద దెబ్బగా అనిపించలేదు. తండ్రి అడిగిందల్లా ఇవ్వడు, పిల్లలకి ఆ సంగతి తెలుసు. మా నాన్న కోచ్ ఫ్యాక్టరీ జీతంలో సైకిల్ కొనివ్వలేకపోయాడని ఆయన లేడనుకోలేదు నేను. ఎందుకంటే సాయంత్రం ఆరింటికి ఆయన చెప్పుల చప్పుడు మెట్ల మీద వినపడేది.

నేను మాట్లాడుతున్నది ఆ చెప్పుల చప్పుడు గురించి. మౌనం వల్ల విశ్వాసం పోయినవాళ్లలో నాకు తెలిసినంతమంది మొదటి రెండూ లేకపోయినా సర్దుకున్నారు. మూడోది లేకపోవడమే వాళ్లని తినేసింది. దానికి కారణం వాళ్ల బలహీనత అనుకోను. వాళ్లకి బోధించిందే అది. "క్రైస్తవ్యం మతం కాదు, మార్గం", "ఇది ఆచారం కాదు, ప్రభువుతో వ్యక్తిగత సంబంధం" అని ప్రతి కూటంలో విన్నాం. సంబంధం అన్నాక రెండు కొసలుంటాయి.

ఈ ఆశ ఎక్కడి నుంచి వచ్చింది

మా నాయనమ్మకి నాయనమ్మ ఒంగోలు దగ్గర మాదిగపల్లెలో పుట్టింది. ఆమె తరం ఎలా క్రైస్తవులయ్యారో చూస్తే నాకు చాలా విషయాలు తేటపడ్డాయి.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చింది 1866లో. పదేళ్లకి, 1876లో, ధాత కరువు మొదలై రెండేళ్లు ఊళ్లని తుడిచిపెట్టింది. కరువు పనిగా ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే క్లౌ మూడున్నర మైళ్ల ముక్కకి కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని, ఆ పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ సంఖ్య దగ్గర కాసేపు ఆగాలి. 2,222 మంది ఒక్కొక్కరుగా గదిలో తలుపేసుకుని, లోపలి స్వరం విని, ఆ తర్వాత ఏటికి నడిచారని అనుకోలేం. పల్లెలు పల్లెలుగా వచ్చారు. పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, చుట్టాలందరినీ కూడగట్టుకుని వచ్చారు. వాళ్ల మొరకి జవాబు బయట కనిపించింది. అంటరానివాడని దూరం పెట్టిన మనిషిని పేరు పెట్టి పిలిచారు, పక్కన కూర్చోబెట్టుకున్నారు, పిల్లవాడి చేతికి పలక ఇచ్చారు. "దేవుడు నీతో మాట్లాడాడా?" అని మా నాయనమ్మకి నాయనమ్మని ఎవరైనా అడిగి ఉంటే ఆమెకి ఆ ప్రశ్నే అర్థమయ్యేది కాదేమో. ఇది నా ఊహే, కానీ మా నాయనమ్మ నోట నేను విన్న ప్రార్థనలు ఈ ఊహకే బలమిస్తాయి. ఆమె దేవుడికి చెప్పేది, లేచి పనిలోకి వెళ్లేది. ఆగి వినడం నేను చూడలేదు.

అదే కాలువ మద్రాసు గుండా కూడా పోతుంది. కూవం నదినీ అడయారునీ కలిపే ముక్క తవ్వింది ఆ కరువులోనే, 1877–78లో. ఇప్పుడు అందులో నల్లటి మురుగు, గట్ల వెంబడి ఎమ్మార్టీఎస్ రైలు స్తంభాలు. తరమణిలో ఆఫీసుకి వెళ్తూ రోజూ దాని మీద నుంచి చూస్తాను. మావాళ్ల విశ్వాసం తట్టతో, పారతో, పదిమంది మధ్య మొదలైంది. నా దగ్గరికి వచ్చేసరికి అది ఒంటరి గదిలో చెవి ఒగ్గి కూర్చోవడమైంది.

మధ్యలో ఏం జరిగిందంటే, 20వ శతాబ్దం జరిగింది. 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో మొదలైన పెంతెకొస్తు ఉజ్జీవం అన్యభాషలనీ, ప్రవచనాన్నీ, ఆత్మ స్పర్శనీ మామూలు విశ్వాసికి అందేవిగా చేసి ప్రపంచమంతా పాకింది. మన వైపు మరో పాయ కలిసింది. పంజాబు నుంచి వచ్చిన బక్త్ సింగ్ 1941లో పల్లావరం కొండ మీద రాత్రంతా ప్రార్థన చేసి, మద్రాసులో యెహోవా షమ్మా సహవాసాన్ని మొదలుపెట్టారు. తెలుగు నేల మీద ఆయన ప్రభావం ఎంతటిదో తెలుగు క్రైస్తవులకి చెప్పనక్కర్లేదు. ప్రతి అడుగుకీ దేవుని చిత్తం కనిపెట్టడం, ఆయన మాట కోసం మోకాళ్ల మీద కాచుకోవడం ఆ ఒరవడి. ఇందులో మోసమేమీ లేదు. ఆయన నిజంగానే అలా జీవించారు. చిక్కల్లా, ఒక మనిషికి కలిగింది అందరికీ కొలబద్ద కావడంలో ఉంది.

ఆ కొలబద్దని నిలబెట్టేది సాక్ష్యం. సాక్ష్యానికి ఒక నడక ఉంటుంది: నేనిలా ఉండేవాణ్ణి, ఫలానా రోజున ఫలానా వాక్యం ద్వారా ప్రభువు నాతో మాట్లాడాడు, ఇప్పుడిలా ఉన్నాను, స్తోత్రం. అలా వారానికి ఇద్దరు ముగ్గురు లేస్తారు. ఏమీ వినపడనివాడు లేచి "ఈ వారం కూడా ఏమీ లేదు, వందనాలు" అని కూర్చునే చోటు ఆ కూటంలో లేదు. దాంతో వినపడినవాళ్ల మాటలే పోగుపడతాయి, అందరికీ వినపడుతోందనీ తనకొక్కడికే వినపడటం లేదనీ ప్రతివాడూ లోలోపల నమ్ముతాడు. 19 ఏళ్లప్పుడు నేనూ లేచి "ప్రభువు నాతో మాట్లాడాడు" అన్నాను. ఆ ఉదయం బైబిలు చదువుతుంటే మనసులో మెదిలిన ఒక ఆలోచనకి ఆ పేరు పెట్టాను. అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. అందరూ దాన్నే మాట్లాడటం అంటారు కాబోలు అనుకున్నాను. ఇంటికొచ్చాక చాలాసేపు ఏడుపొచ్చింది, ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఇక్కడ మన ఇరుగుపొరుగుని కూడా చూడాలి. నాతో చదువుకున్న మైలాపూరు స్నేహితురాలు కపాలీశ్వరుడి గుడికి వెళ్లొస్తే "నీతో మాట్లాడాడా?" అని ఎవరూ అడగరు. దర్శనమైందా అని అడుగుతారు. అది అవుతుంది, కళ్లున్నాయి, దీపం ఉంది, మూర్తి ఉంది. రాముడు పలకలేదని అలిగిన భక్తులు అక్కడా ఉన్నారు, రామదాసు గోలకొండ చెరసాలలో కూర్చుని నిలదీసినంతగా మనలో ఎవరూ నిలదీయలేదు. కానీ రోజూ చూసే మూర్తి, కట్టే దండ, పెట్టే నైవేద్యం ఆ మౌనాన్ని మోసేవి. మన మందిరాల గోడ మీద వాక్యం తప్ప ఏమీ ఉండదు. బొమ్మ, దీపం, విభూతి అన్నీ తీసేసి మొత్తం బరువు ఒక్క దారం మీద వేలాడదీశాం, లోపలి చెవి అనే దారం మీద. అది కొందరికి పుట్టుకతోనే సన్నంగా ఉంటుంది.

కొందరికే ఎందుకు వినపడుతుంది

పుట్టుకతోనే అన్నది ఊరికే అన్న మాట కాదు. టాన్యా లూర్మన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త షికాగోలోనూ కాలిఫోర్నియాలోనూ వైన్‌యార్డ్ అనే క్రైస్తవ సంఘాల్లో ఏళ్ల తరబడి కూర్చుని, వాళ్లతో ప్రార్థన చేసి, దేవుని స్వరం వినడం మనుషులు ఎలా నేర్చుకుంటారో గమనించింది. తన పరిశోధనని 2012లో పుస్తకంగా తెచ్చింది. ఆమె చూసిన మొదటి సంగతి, వినడం ఒక నేర్పు. మనసులో వచ్చే వంద ఆలోచనల్లో ఏది నాది, ఏది ఆయనది అని వేరు చెయ్యడం కొత్త విశ్వాసికి పాతవాళ్లు నేర్పుతారు. రెండోది, ఆ నేర్పు అందరికీ ఒకేలా అబ్బదు. మనస్తత్వ శాస్త్రంలో అబ్సార్ప్షన్ అనే గుణం ఒకటుంది. అంటే లీనమైపోవడం. కథ చదువుతుంటే పిలిచినా వినపడకపోవడం, సంగీతంలో మునిగిపోయి ఒళ్లు మరిచిపోవడం, ఊహలోని దృశ్యం కళ్లకి కట్టినట్టు కనపడటం. దీన్ని కొలవడానికి 34 ప్రశ్నల పట్టిక ఉంది. అందులో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకే దేవుడు పక్కన ఉన్నట్టు తెలియడం, స్వరం వినపడటం ఎక్కువగా జరిగాయి. ఎంత కోరుకున్నా, ఎంత ప్రార్థించినా ఏమీ కలగనివాళ్లు కూడా ఆమెకి అక్కడ కనపడ్డారు. వాళ్ల మార్కులు తక్కువ.

వందమందికి పైగా మనుషులతో ఆమె ఒక ప్రయోగం కూడా చేసింది. కొందరికి సువార్త ఘట్టాలను ఊహలో కళ్లారా చూస్తూ ప్రార్థించే పద్ధతి ఇచ్చి, నెల రోజులు రోజుకి అరగంట సాధన చేయించింది. నెల తర్వాత వాళ్ల ఊహాచిత్రాలు పదునెక్కాయి, వింత అనుభవాలు పెరిగాయి. సాధనకి ఫలితముంటుందన్న మాట. కానీ అందరికీ ఒకే మోతాదులో కాదు.

ఈ పరిశోధనలో మన చెన్నై కూడా ఉంది. లూర్మన్ ఇక్కడి కరిస్మాటిక్ విశ్వాసులనీ, అంటే ఆత్మ స్పర్శనీ స్వరాన్నీ నేరుగా ఆశించేవాళ్లనీ, ఘానా రాజధాని అక్రాలో వాళ్లనీ అమెరికా వాళ్లతో పోల్చి చూసింది. దేవుని మాట చెవితోనే విన్నామని చెప్పడానికి అమెరికన్లు జంకినంతగా ఈ రెండు ఊళ్లవాళ్లు జంకలేదు. మనసుకీ బయటికీ మధ్య గోడ ఎంత మందంగా ఉందని మనం నమ్ముతామో, దాన్ని బట్టి కూడా వినికిడి మారుతుందని ఆమె వాదన.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను పాటలో మునిగిపోయే మనిషిని కాను. కళ్లు మూసుకుంటే నాకు బొమ్మలు రావు, చీకటే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే. 27 ఏళ్లు నా పాపమేదో వెతుక్కుంటూ గడిపాను, బహుశా నేను వెతకాల్సింది కేవలం నా మనసు తయారైన తీరును.

ఈ పరిశోధన దేవుడు లేడని తేల్చదు. లూర్మన్ తానే ఆ మాట చెప్పదు. రేడియో ఉన్నవాడికే పాట వినపడుతుంది, అంతమాత్రాన పాట అబద్ధం కాదని విశ్వాసి అనవచ్చు. నిజమే. అయితే వెంటనే ఇంకో ప్రశ్న లేస్తుంది. వినడం మీదే నిత్యజీవం ఆధారపడి ఉంటే, రేడియో కొందరికే ఇచ్చిందెవరు?

పెద్దలు చెప్పే జవాబులు

మౌనానికి సంఘం చెప్పే మొదటి కారణం పాపం. ఏదో ఒప్పుకోనిది మిగిలి ఉంది, అది అడ్డుగా ఉంది అంటారు. నేను నోటుపుస్తకంలో జాబితాలు రాసుకుని ఒక్కొక్కటీ ఒప్పుకున్నాను. స్కూల్లో దొంగిలించిన రబ్బరు దాకా వెళ్లాను. ఈ కారణానికి తుది లేదు. ఎన్ని తీసినా ఇంకొకటి దొరుకుతుంది, ఎందుకంటే మనిషి కదా. అదే సమయంలో నాకంటే పెద్ద తప్పులు చేసినవాళ్లు లేచి ప్రభువు మాట్లాడాడని సాక్ష్యం చెబుతుంటారు. మనసున్న పిల్లల్ని ఈ జవాబు ఎంత కోస్తుందో చెప్పేవాళ్లు ఆలోచించాలని కోరుకుంటున్నాను.

రెండోది అంధకార రాత్రి. 16వ శతాబ్దపు స్పెయిన్ సన్యాసి సిలువ యోహాను చెప్పిన మాట ఇది: దేవుడు తన ప్రియుల విశ్వాసాన్ని గాఢం చెయ్యడానికి తన సన్నిధిలోని తీపిని వెనక్కి తీసుకుంటాడు. ఈ కాలంలో దీనికి పెద్ద ఉదాహరణ మదర్ థెరిసా. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ వెళ్లే రైల్లో ఆమెకి పిలుపు వచ్చింది. పేదల మధ్య పని మొదలైన కాలం నుంచి 1997లో చనిపోయేదాకా దాదాపు అంతా లోపల చీకటే. తగలబెట్టమని ఆమె కోరిన ఉత్తరాలు 2007లో అచ్చయ్యాక లోకానికి తెలిసింది. 1958లో కొన్ని వారాలు వెలుగు తిరిగొచ్చి మళ్లీ పోయింది. ఆ ఉత్తరాల సంగతి తెలిసి నేను ఏడ్చాను, ఓదార్పు కూడా పొందాను. తర్వాత తేడా కనపడింది. ఆమె రాత్రికి ముందు ఒక పగలుంది. ఆ రైలుంది. పోయింది ఏమిటో ఆమెకి తెలుసు. సిలువ యోహాను మాట కూడా తీపి రుచి చూసినవాళ్ల గురించే. ఎన్నడూ ఏమీ ఎరగనివాడికి ఈ ఓదార్పు చెప్పడమంటే, పుట్టుగుడ్డికి "సూర్యుడు అస్తమించాడులే, మళ్లీ వస్తాడు" అని చెప్పడం. మన బోధకులు ఈ రెంటినీ కలిపేస్తారు. మొత్తం చిక్కులో ఎక్కువ నష్టం చేసేది ఈ కలగాపులగమే అని నాకనిపిస్తుంది.

మూడోది స్వేచ్ఛ. దేవుడు తేటగా కనపడితే మనిషి భయంతో లొంగిపోతాడు, ప్రేమతో రాడు, అందుకే మరుగున ఉంటాడు అంటారు తత్వవేత్తలు. వినడానికి బాగుంటుంది. కానీ బైబిలే దీన్ని ఒప్పుకోదు. దమస్కు దారిలో, విశ్వాసుల్ని హింసిస్తున్న సౌలును నేలకూల్చి మరీ పిలిచారు. బాలుడైన సమూయేలును, అతను ఇంకా యెహోవాను ఎరగకముందే, రాత్రివేళ పేరు పెట్టి పిలిచారు, అతను అర్థం చేసుకునేదాకా మళ్లీ మళ్లీ పిలిచారు. ఆ కథ విన్న చాలా రాత్రులు నేను కిటికీ పక్కన పడుకుని "నీ దాసురాలు ఆలకించుచున్నది" అని చెప్పి నిద్రపోయాను. ఇక యేసు శిష్యుడు తోమా సంగతి. మన ఊళ్లోనే, శాంథోమ్‌లో ఆయన సమాధి ఉందని, పరంగిమలై మీద ఆయన రక్తం చిందిందని సంప్రదాయం చెబుతుంది. తిరిగి లేచిన యేసు గాయంలో వేలు పెట్టి చూస్తే గాని నమ్మనన్నాడు ఆయన. ఎనిమిది రోజులకి ప్రభువు వచ్చి చెయ్యి చాపమన్నాడు. చూడక నమ్మినవారు ధన్యులని తర్వాత అన్న మాటే మనం ఎత్తుకుంటాం. ముందు వచ్చాడన్నది మరిచిపోతాం. చూసినందువల్ల తోమా స్వేచ్ఛ పోలేదు. ప్రాణం పెట్టేంత ప్రేమ వచ్చిందనే కదా ఆ కొండ మీద గుడి కట్టుకున్నది.

ఆయన సమయం ఇంకా రాలేదు అన్నది నాలుగోది. దీనికి గడువు లేదు కాబట్టి ఎదురు చెప్పడానికీ లేదు.

ఐదోదాన్ని నేను గౌరవిస్తాను. లేఖనంలోనే దేవుడు తనను మరుగుపరచుకొనే దేవుడని యెషయా అంటాడు. 88వ కీర్తన ఓదార్పు లేకుండా చీకటి అనే మాట దగ్గరే ఆగిపోతుంది. సిలువ మీద చివరి ఘడియల్లో "నా దేవా, నా దేవా" అన్న కేకకి పైనుంచి మాట రాలేదు. మౌనం విశ్వాసంలో భాగమే, దాన్ని మోస్తూ నడవాలి అనే ఈ జవాబులో నిజాయితీ ఉంది. ఈ మాట నాకు పదేళ్లప్పుడు చెప్పి ఉంటే నేను ఇవాళ ఎక్కడ ఉండేదాన్నో. చెప్పలేదు. సంబంధం అన్నారు, స్వరం అన్నారు, స్నేహితుడన్నారు.

కెనడా తత్వవేత్త షెల్లెన్‌బర్గ్ 1993లో ఈ నొప్పినే తర్కంగా పేర్చాడు. సంపూర్ణంగా ప్రేమించే దేవుడుంటే, తనతో సంబంధాన్ని ఎదిరించని ఏ మనిషికైనా ఆ సంబంధం కనీసం తెరిచి ఉంచుతాడు, అంటే తాను ఉన్నానని నమ్మే వీలైనా ఇస్తాడు. ఎదిరించకుండానే నమ్మలేకపోతున్నవాళ్లు లోకంలో ఉన్నారు. కాబట్టి అలాంటి దేవుడు లేడు. దీన్ని ఖండించేవాళ్లలో చాలామంది తుదకి రెండో మెట్టు మీదే పడతారు: నిజంగా ఎదిరించనివాళ్లు లేరు, లోపల ఎక్కడో మొండితనం ఉంటుంది అంటారు. వాదంగా అది చెల్లుతుందేమో. తెల్లవారుజామున నాలుగింటికి లేచి మోకరించిన మనిషి మొహం చూసి చెప్పడం మాత్రం కష్టం.

పోయాక

ఇది ఒక రోజులో జరగదు. నా మంగళవారం కూడా చివరి రోజే తప్ప మొదటి రోజు కాదు. ముందు అడగడం మానేస్తాం, కోరికలు చెబితే స్వార్థమేమోనని. తర్వాత మాటలు తగ్గించి కూర్చుంటాం, వినాలని. తర్వాత ఆ కూర్చోవడం గోడ ముందు కూర్చోవడంలా ఉంటుంది. చివరికి నమ్మకూడదని నిర్ణయించుకోం. ఇక మాట్లాడలేమని తెలుస్తుంది. చాన్నాళ్ల దాకా చెయ్యి దానంతటదే అన్నం ముందు ఆగుతుంది. అంబులెన్సు పోతుంటే పెదవులు కదులుతాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఇప్పటికీ నా నోటికి వస్తాయి, వంట చేస్తూ పాడతాను, మా అమ్మ విని పక్క గదిలో ఆశపడుతుంది. అది నాకు తెలుసు, అయినా పాడకుండా ఉండలేను.

ఇతర దేశాల్లో దీన్ని సొంత విషయం అనుకోవచ్చేమో. చెన్నైలో తెలుగు క్రైస్తవులకి సంఘమే ఊరు. తమిళం మధ్య మన భాష వినపడే చోటు, పెళ్లి సంబంధాలు కుదిరే చోటు, ఎవరైనా పోతే పది నిమిషాల్లో జనం చేరే చోటు అది. కీల్పాక్కం శ్మశానంలో స్థలం కావాలంటే సంఘం లెటర్ గుర్తొస్తుంది. కాయితాల సంగతి మరీ విచిత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా లేదు. ఆంధ్రలో వాళ్లు బీసీ-సీ. మా తాతలు ఆ మతానికి ఆ మేర వెల చెల్లించారు. ఇప్పుడు నమ్మకం లేకపోయినా నేను పుట్టిన చోటు మారదు, చెల్లించిన వెల తిరిగి రాదు. గుండ్లకమ్మలో దిగిన ఆ మనుషుల ధైర్యాన్ని నేను వదిలెయ్యలేదు. దానిలో నాకు భాగం ఉందనే అనుకుంటాను.

ఇంట్లో ఇలాంటివాళ్లున్న తల్లిదండ్రులకి ఒక్క మాట. "ఏం పాపం చేశావు?" అని అడగకండి, వాళ్లు ఆ ప్రశ్న మీకంటే ముందు, మీకంటే కఠినంగా వేసుకుని ఉంటారు. "మనస్ఫూర్తిగా అడిగి ఉండవు" అనకండి. ఏం జరిగిందో అడగండి, అడిగి వినండి.

మా అమ్మ ఇప్పటికీ డిసెంబరు 31 రాత్రి నా పేరున ఒక కార్డు తీసి తెస్తుంది. నేను తీసుకుని చదివి పర్సులో పెట్టుకుంటాను. కిందటేడు కార్డు ఇచ్చి వెళ్లిపోలేదు. మంచం అంచున కూర్చుంది.

"నిజంగా ఒక్కసారి కూడా ఏమీ అనిపించలేదా అమ్మా?" అంది.

"లేదమ్మా."

"ఆ పోస్టుమాన్ కోసం నిలబడ్డావే, అప్పటి నుంచీనా?"

"అప్పటి నుంచీనే."

వీధిలో ఇంకా టపాసులు కాలుస్తున్నారు. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా కాలి దగ్గర దుప్పటి సర్ది, "మీ నాన్న పోయిన ఏడాది నాకూ ఏమీ వినపడలేదు. ఎవరికీ చెప్పలేదు" అంది.